మూడోవాడు గీత దాటాకే

మా అల్లుడు ఈ దేశం జెర్సీ వేసుకుని ఎన్నో ఏళ్ళు ఐస్ మీద పరుగెత్తాడు. అన్నేళ్ళూ అతను మూడోవాడే. ముగ్గురు మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు నడుం వంచి దూసుకుపోయే టీమ్ పోటీలో అందరికంటే వెనక ఉండేవాడు. పెళ్ళి కుదిరిన కొత్తలో ఈ సంగతి తెలిసి నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. పోయి పోయి మా అమ్మాయికి చివరివాడే దొరికాడా అనుకున్నాను.

తప్పులు పట్టడం నా ఉద్యోగం. వాటర్లూలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. పక్కవాళ్ళు కష్టపడి కట్టింది ఎక్కడ కూలుతుందో వెతికి చెప్పినందుకు నాకు జీతమిస్తారు. ఆ గుణాన్ని ఆఫీసులో వదిలేసి రావడం నాకు చేతకాదని మా ఆయన ఫిర్యాదు. ఆయనది హనుమకొండ, నాది తెనాలి. అమెరికాలో కొన్నాళ్ళు, ఇక్కడ చాలా ఏళ్ళు కలిసి కాపురం చేశాక మా ఇద్దరి యాసా కలిసిపోయింది గానీ, ఆవేశం వస్తే మాత్రం ఎవరి ఊరికి వాళ్ళం వెళ్ళిపోతాం.

మా అమ్మాయి హామిల్టన్‌లో నర్సింగ్ చదువుతున్న రోజుల్లో పరిచయమయ్యాడు ఈ అబ్బాయి. ఒంటారియోలోనే ఒక పల్లెటూళ్ళో, పాడి ఆవుల మధ్య పెరిగాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు, నోట్లోంచి మాట మాత్రం ఊడిపడదు. మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఐస్ స్కేటింగ్ చేస్తాడని అమ్మాయి చెప్పగానే మా ఆయన మొహం వెలిగిపోయింది.

"హాకీనా?" అన్నారు.

"నో డాడీ. స్పీడ్ స్కేటింగ్."

"అంటే గట్ల గుండ్రంగ తిరుగుడేనా? బంతి లేదు, కర్ర లేదు?"

అమ్మాయి నవ్వి అతనికి ఇంగ్లీషులో చెప్పింది. అతనికి కోపం రాలేదు. మాటలతో వివరించడం రాదేమో, లేచి నిలబడ్డాడు. మా ఆయనను ముందు నిలబెట్టాడు, అమ్మాయిని ఆయన వెనక, తను ఆ వెనక. ముగ్గురూ సాక్సులతో, నడుం వంచి, ఒకరి నడుం మీద ఒకరు అరచెయ్యి ఆనించి, మా డైనింగ్ టేబుల్ చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. నేను గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఈ చోద్యం చూస్తున్నాను. ఫ్రిజ్ దగ్గర పోటీ పూర్తయినట్టు లెక్క. మా ఆయన ఒక్క ఊపున వెళ్ళి ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి కొట్టి "గెల్చిన!" అని అరిచారు. అమ్మాయి కూడా చేరుకుంది. అతను మాత్రం కావాలనే ఆగిపోయి, వాషింగ్ మెషీన్ గది దగ్గర నిలబడి తల అడ్డంగా ఊపాడు. అక్కణ్ణుంచి నింపాదిగా నడిచి వచ్చి ఫ్రిజ్‌ను వేలితో తాకి, "గడియారం ఇప్పుడు ఆగింది" అన్నాడు.

అదీ ఆ ఆట. ముందువాడు ఎంత వేగంగా వెళ్ళినా లెక్కలోకి రాదు. మూడోవాడి బూటు కింది బ్లేడు గీత దాటినప్పుడే టీమ్‌కు టైమ్ పడుతుంది. ఇదివరకు ముగ్గురూ వంతులవారీగా ముందుకొచ్చి గాలికి అడ్డు నిలిచేవాళ్ళట. ఇప్పుడు ఎక్కువ టీములు ఆ పద్ధతి మానేశాయి. అందరికంటే గట్టివాడు మొదటినుంచీ చివరిదాకా ముందే ఉంటాడు, గాలంతా తనే తింటాడు. వెనక ఇద్దరూ అతని నడుం దగ్గర చెయ్యి పెట్టి తోస్తూ ఉంటారు. అంత వేగంలో వెనక్కి తిరిగి చూడటానికి ఎవరికీ కుదరదు. నడుం మీద చెయ్యి ఉన్నంతసేపు వెనక మనిషి ఉన్నట్టు, చెయ్యి పోతే మనిషి పోయినట్టు. మూడోవాడు వెనకబడ్డాడంటే గట్టిగా అరవాలి. ఆ అరుపు వింటే ముందువాడు రవ్వంత తగ్గుతాడు, మళ్ళీ ముగ్గురూ కలుసుకుంటారు.

ఇదంతా అర్థమయ్యాక కూడా నా మనసులో ముల్లు పోలేదు. ఒకసారి రిచ్‌మండ్ హిల్‌లో తెలిసినవాళ్ళ ఇంట్లో గృహప్రవేశానికి వెళితే, కాలేజీ కుర్రాడొకడు అడిగాడు, "మీ అల్లుడు గారు ఏ ప్లేస్ ఆంటీ?" అని. థర్డ్ అన్నాను. "థర్డ్ అంటే మెడల్ వచ్చినట్టే కదా ఆంటీ, సూపర్!" అన్నాడు. నేను ఇంకాస్త పులిహోర పెట్టుకున్నాను. కారులో వచ్చేటప్పుడు మా ఆయన ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నారు.

ఆ మరుసటి శీతాకాలం యూరప్‌లో పెద్ద పోటీ జరిగింది. మాకు ఆదివారం పొద్దున. కాఫీలు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాం. సగం దూరం వరకు మనవాళ్ళు బ్రహ్మాండంగా వెళుతున్నారు. ముగ్గురి కాళ్ళూ ఒక్కసారే లేస్తున్నాయి, ఒక్కసారే పడుతున్నాయి. చివర్లో రెండు చుట్లు ఉన్నాయనగా మా అల్లుడికీ అతని ముందున్న కుర్రాడికీ మధ్య చిన్న సందు కనిపించింది. ముందు బెత్తెడు. తర్వాత జానెడు. ఆ మలుపు తిరిగేసరికి మధ్యలో తెల్లటి ఐస్ కనిపిస్తోంది. ఒకసారి ముందువాడి చాటు తప్పిందంటే గాలి నేరుగా ఛాతీకి తగులుతుంది, ఇక కలుసుకోవడం ఎవరి తరమూ కాదు. ముందున్న ఇద్దరికీ ఆ సంగతే తెలియదు. వాళ్ళు దూసుకుపోయి గీత దాటేశారు. అలవాటు కొద్దీ మా ఆయన చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. తర్వాత మా అల్లుడు ఒక్కడే వచ్చాడు. అంత పెద్ద ట్రాక్ మీద ఒంటరిగా, రెండు చేతులూ ఊపుకుంటూ వచ్చాడు. గడియారం తిరుగుతూనే ఉంది. కెమెరా అతని మీదే ఉంది.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. నేను ధైర్యం చెప్పబోయాను. వెనకబడటం ఎవరికైనా జరుగుతుంది, మనిషికి అలసట రాదా అన్నాను.

"అది కాదు అమ్మా. వెనకబడ్డందుకు కోచ్ ఏమీ అనలేదు. అరవలేదు కదా, దానికి అన్నాడు. హి జస్ట్ డిడ్‌న్ట్ యెల్."

"ఎందుకు అరవలేదుట?"

"ఎలాగోలా కలుసుకోగలననుకున్నాడట. తన వల్ల వాళ్ళు స్లో అవడం ఇష్టంలేక."

నాకు అతని మీద మొదటిసారి అభిమానం కలిగింది ఆ క్షణంలోనే. ఎందుకంటే ఆ జబ్బు నాకు బాగా తెలుసు. మా పుట్టింట్లో ఎవరినీ సాయం అడగకపోవడం పెద్ద గొప్ప కింద లెక్క. మా అమ్మ అంతే, నేనూ అంతే. సోఫాను ఒక్కదాన్నే బేస్‌మెంట్‌కు దింపబోయి, రెండు వారాలు నడుంకి బెల్టు కట్టుకుని ఆఫీసుకు వెళ్ళినదాన్ని నేను. పిలిస్తే పైనుంచి మా ఆయన రారా? వస్తారు. పిలవబుద్ధి కాదు, అంతే. ఈ రోగం మన ఇళ్ళకే ప్రత్యేకం అనుకునేదాన్ని. ఆవుల కొట్టాల మధ్య పెరిగిన తెల్ల కుర్రాడికి కూడా ఉంటుందని తెలిసి ఆశ్చర్యపోయాను.

కోచ్ మొహమాటం లేకుండా చెప్పేశాడట. వచ్చే ఏడాది ప్రపంచ పోటీ కాల్గరీలో, సొంత ఐస్ మీద జరుగుతుంది. వయసు రీత్యా మా అల్లుడికి అదే చివరిది. చోటు ఇస్తాను, కానీ ఒక షరతు. వెనకబడితే అరవాలి. మరోసారి నోరు మూసుకుని ఇద్దరి కష్టాన్నీ ముంచేస్తానంటే ఇప్పుడే చెప్పు, కుర్రాళ్ళు వరుసలో నిలబడి ఉన్నారు అన్నాడట. మా అల్లుడు సరే అన్నాడు. సరే అనడం తేలికే. పుట్టి బుద్ధెరిగాక అరవని మనిషి, ప్రాణం నోట్లోకి వచ్చిన సమయంలో అరవగలడా అన్నది నా అనుమానం. అమ్మాయి అనుమానం కూడా అదే. ఆ ఏడాదంతా ఫోన్‌లో మేం ఇంకో మాట మాట్లాడుకున్న గుర్తు లేదు.

పోటీకి వారం ముందే మేమిద్దరం కాల్గరీ చేరాం. అమ్మాయి అక్కడే ఆసుపత్రిలో నర్సు. తనకు సెలవున్న పొద్దున మమ్మల్ని ప్రాక్టీస్ చూడటానికి తీసుకువెళ్ళింది. లోపల బయటంత చలి లేదు. పొడి చలి, ఒకలాంటి రబ్బరు వాసన. పక్కనుంచి ముగ్గురూ దూసుకుపోతుంటే బ్లేళ్ళ చప్పుడు కొత్త గుడ్డను కత్తెరతో కోసినట్టు వినిపించింది. టీవీలో ఆ చప్పుడు రాదు. టీవీలో ఆ తొడలు కూడా అంత కనిపించవు. కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు వంగి, అన్ని చుట్లు అలాగే ఉండాలి. నేను సరదాకి గోడ పక్కన అలా వంగి చూశాను. నాలుగో ఊపిరికి లేచిపోయాను.

ఆ రోజు ప్రాక్టీసంతా అరవడం మీదే. ముగ్గురూ తిరుగుతూ ఉంటారు, కోచ్ విజిల్ వేయగానే మా అల్లుడు కావాలని వెనకబడి అరవాలి. అతను అరిచాడు. మాకు వినిపించలేదు. కోచ్ చెవి వెనక చెయ్యి పెట్టి "మళ్ళీ" అన్నాడు. మళ్ళీ అరిచాడు. ఈసారి దగ్గినట్టుంది. ముందున్న ఇద్దరు కుర్రాళ్ళూ పకపకా నవ్వుతున్నారు. కోచ్ నవ్వలేదు. పొద్దున్నంతా అరిపించాడు. బయటికి వచ్చేసరికి మా అల్లుడి చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, చలికి కాదు.

ఆ మధ్యాహ్నం అమ్మాయి వంటింట్లో నేను పాఠం పెట్టాను. మా మధ్య మాటలన్నీ ఇంగ్లీషులోనే నడుస్తాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "అత్తయ్యా" అన్న ఒక్క పిలుపే అతని నోట తెలుగులో వచ్చేది.

"చూడు, గొంతుతో అరిస్తే రాదు. పొట్టలోంచి రావాలి" అన్నాను. "ఈయన గరాజ్‌లో రేడియో పెట్టుకుని ఉంటే నేను భోజనానికి ఎలా పిలుస్తానో విను." పిలిచి చూపించాను. పక్కింటి కుక్క మొరిగింది.

హాల్లో నిద్రపోతున్న మా ఆయన ఉలిక్కిపడి లేచి వచ్చారు. "ఏమైంది? ఎవరికేమైంది?"

"ఏమీ కాలేదు, అల్లుడికి అరవడం నేర్పిస్తున్నా."

"నువ్వు నేర్పియ్యవడితివా? అయితే గెల్చినట్టే పో."

అల్లుడు ఆ రోజు నవ్వాడు గానీ అరవలేదు. గిన్నెలు తుడిచి పెడుతూ నెమ్మదిగా ఒక మాట అన్నాడు. "భయం వెనకబడటానికి కాదు అత్తయ్యా. ఆ క్షణంలో నాకు ఇంకా అవకాశం ఉందనే అనిపిస్తుంది. ఇంకొక్క అడుగు గట్టిగా వేస్తే చాలు, ఎవరినీ అడగక్కర్లేదు అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడే అరవాలి. అది చాలా కష్టం." యాభై దాటిన దాన్ని, నా సంగతి నాకే ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

పోటీ రోజున కూర్చోవడానికి సందు లేదు. జనమంతా ట్రాక్‌కు ఒకవైపే ఉన్నారు. అవతలి వైపు ఖాళీ గోడ, నాలుగు జెండాలు, ఐస్ అంచున నిలబడ్డ కోచ్‌లు తప్ప ఎవరూ లేరు. ఎర్ర టోపీలు, గంటలు, బుగ్గల మీద రంగులు. మా ఆయనకు ఎవరో చిన్న జెండా ఇచ్చారు. ఆయన దాన్ని పెళ్ళికొడుకు కత్తి పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నారు. అమ్మాయి నా ఎడమ పక్కన. నా మోచెయ్యి పట్టుకున్నది, చివరిదాకా వదల్లేదు. ఆ గోళ్ళ గుర్తులు తర్వాత చాలా రోజులున్నాయి.

టీములు రెండేసి చొప్పున దిగుతాయి. ఒకటి ఈవైపు మొదలుపెడితే ఇంకొకటి ఆవైపు. ఒకదాన్నొకటి తరుముతున్నట్టు ఉంటుంది గానీ, చివరికి లెక్క అంతా టైముదే. అందరూ అయ్యాక ఎవరి టైము తక్కువైతే వాళ్ళది పైచెయ్యి. మనవాళ్ళది చివరి జంటకు ముందు జంట. ఆ తర్వాతి జంటలో దిగే రెండూ బలమైన టీములే.

తుపాకీ పేలింది. మొదటి నాలుగడుగులు ముగ్గురూ కోళ్ళు పరుగెత్తినట్టు పరుగెత్తి, తర్వాత వంగి ఒకరి వెనక ఒకరు చేరిపోయారు. మా అల్లుడి అరచెయ్యి ముందువాడి నడుం మీద. ఆ ముందువాడి చెయ్యి మొదటివాడి నడుం మీద. మూడు ఒళ్ళు, ఒకటే ఊపు. ఎన్నిసార్లు చూసినా ఆ దృశ్యం నాకు ఎక్కడో గుండెలో తగులుతుంది. మలుపులో వాళ్ళు ఎడమవైపుకు ఒరిగిపోతే పడిపోతారేమో అనిపిస్తుంది, పడరు. వెనకవాడి బ్లేడు ముందువాడి బ్లేడుకు ఎంత దగ్గర వెళుతుందంటే, ఒకరు పొరపడితే ముగ్గురూ గోడకు వెళ్ళి తగలాల్సిందే. అంత నమ్మకం మనుషుల మధ్య ఎలా కుదురుతుందో నాకు తెలియదు. మా ఆఫీసులో ఒకరు రాసింది ఇంకొకరు మూడుసార్లు చూస్తేగాని నమ్మం.

సగం దాటింది. ప్రతి చుట్టుకూ స్క్రీన్ మీద పచ్చరంగు పడుతోంది, అంటే అప్పటిదాకా దిగిన వాళ్ళందరికంటే ముందున్నారు. జనం ఊగిపోతున్నారు. నేను ఏమీ అరవలేదు. నా కళ్ళు ఆ అరచెయ్యి మీదే ఉన్నాయి.

ఇంకా రెండు చుట్లున్నాయనగా, అవతలి వైపు, ఆ చెయ్యి ఊడింది. మధ్యలో సందు కనిపించింది. నాకు తెలిసిన సందే, పోయిన ఏడాది టీవీలో చూసిన సందే. నా ఒక్కదానికే కాదు, ఈవైపు కూర్చున్న అన్ని వేల మందికీ అది ఒక్కసారే కనిపించినట్టుంది. కేకలు ఆగిపోయాయి. గంటలు ఆగిపోయాయి. మా ఆయన జెండా దించేశారు. అంత పెద్ద కట్టడంలో కాసేపు బ్లేళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు వినిపించింది అతని అరుపు.

మాట కాదది. పొట్టలోంచి వచ్చిన కేక. ఖాళీ గోడకు తగిలి మా దాకా వచ్చింది. అమ్మాయి "హి యెల్డ్! అమ్మా, అరిచాడు!" అంటూ ఏడ్చేసింది. అవతల, ముందువాడి భుజాలు రవ్వంత లేచాయి. తెలిసినవాళ్ళకు తప్ప కనిపించనంత తక్కువగా వేగం తగ్గించాడు. మా అల్లుడు తల దించుకుని వచ్చాడు, వచ్చాడు, మలుపు మధ్యలో చెయ్యి చాచాడు. అందింది. మళ్ళీ మూడు ఒళ్ళు ఒకటయ్యాయి. చివరి చుట్టంతా అతను తోస్తూనే ఉన్నాడు. ఇప్పుడెవరికీ పచ్చరంగు గుర్తులేదు. ముగ్గురూ కలిసి గీత దాటారు, మా అల్లుడు అందరికంటే చివర. గడియారం ఆగింది. అప్పటికి రెండో స్థానం.

నిజం చెప్పాలంటే నాకు అది చాలు. మెడల్ వచ్చినా రాకపోయినా ఒకటే అనిపించింది. ఆ వయసులో, అంత మంది ముందు, తనకు సాయం కావాలని ఎలుగెత్తి చెప్పిన ఆ మనిషిని చూసి నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. దండమే పెట్టాను కూడా, ఎర్ర టోపీల మధ్య. వెనక కూర్చున్నావిడ వింతగా చూసింది.

చివరి జంట దిగింది. అందులో మొదటి టీము మొదటినుంచీ అందరినీ మించి వెళ్ళిపోయింది, దాని గురించి ఆశే లేదు. రెండో టీము కూడా మనవాళ్ళ టైముకంటే ముందే ఉంది. వాళ్ళు అలాగే గీత దాటితే మనది నాలుగో స్థానం. మనవాళ్ళు ముగ్గురూ లోపలి సన్నటి ట్రాక్ మీద నెమ్మదిగా తిరుగుతూ అలుపు తీర్చుకుంటున్నారు. మా అల్లుడు అవతలి వైపు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

చివరి చుట్టు మొదలవుతుండగా ఆ రెండో టీములో మూడోవాడు వెనకబడ్డాడు. బెత్తెడు సందు, జానెడు సందు. మన జనం అది చూశారు. ఒక్కసారిగా పైకప్పు ఎగిరిపోయేంత గోల లేచింది. గంటలు, కేకలు, కాళ్ళతో బెంచీలు బాదడం. మా ఆయన బెంచీ ఎక్కి "ఆగు, ఆగు, అయిపోలే! మూడోవాడు రావాలె! మూడోవాడు రావాలె!" అని అరుస్తున్నారు. నేనూ లేచాను. పొట్టలోంచి అరిచాను. ఆ ఇద్దరూ ఏమీ తెలియకుండా దూసుకువచ్చి గీత దాటేశారు. వాళ్ళ మూడోవాడు ఒంటరిగా, చేతులు ఊపుకుంటూ వస్తున్నాడు. గడియారం తిరుగుతూనే ఉంది. అతను దాటేసరికి మనవాళ్ళ టైము దాటిపోయింది. మనకు మూడో స్థానం. మెడల్.

నేనూ అమ్మాయీ కావలించుకుని గెంతాం. మన టీములో ఇద్దరు కుర్రాళ్ళు జెండా కప్పుకుని జనం ముందుకు వచ్చేశారు. మూడోవాడు రాలేదు. ఏడీ అని వెతికితే అవతలి వైపు కనిపించాడు. ఓడిపోయిన టీములో ఆ మూడోవాడు అక్కడ గోడను ఆనుకుని కూలబడి ఉన్నాడు. మా అల్లుడు అతని పక్కన వంగి చెవిలో ఏదో చెబుతున్నాడు. తర్వాత లేచి, వాళ్ళ కోచ్ దగ్గరికి వెళ్ళాడు. ఆ కోచ్ రెండు చేతులూ గాల్లోకి విసిరి ఎవరినో తిడుతున్నాడు. మా అల్లుడు అతని ఎదురుగా నిలబడి, వేలితో తన చెవి చూపించి, ఆ కుర్రాడి వైపు చూపించి, మళ్ళీ చెవి చూపించి ఏదో చెప్పాడు. ఆ పెద్దమనిషి చేతులు దించాడు. కాసేపటికి వెళ్ళి ఆ కుర్రాడి తల మీద చెయ్యి పెట్టాడు. ఇక్కడ కుర్రాళ్ళు జెండా పట్టుకుని మా అల్లుడి కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఇంటికి వచ్చాక అందరం వంటింట్లో చేరాం. మెడల్‌ను మా ఆయన మెడలో వేసుకుని, అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతున్నారు. అల్లుడు పెరుగన్నం కలుపుకుంటున్నాడు. కేకతో అతని గొంతు పూర్తిగా పోయింది, గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"అంత సేపు అక్కడ ఏం చేశావు? అందరూ నీకోసం చూస్తుంటే" అన్నాను.

"వాడు అరిచాడు అత్తయ్యా" అన్నాడు. "మూడుసార్లు అరిచాడు. నేను పక్కనే ఉన్నాను, నాకు వినిపించింది. నేను వెనకబడినప్పుడు జనమంతా ఊరుకున్నారు, అందుకని నా కేక మా వాళ్ళకు అందింది. వాడు వెనకబడినప్పుడు మనవాళ్ళు చేసిన గోలకు వాడి కేక ముందువాళ్ళకు అందలేదు. ఆ మాట వాళ్ళ కోచ్‌కు ఎవరో ఒకరు చెప్పాలి కదా. లేకపోతే ఏడాదంతా వాణ్ణి అడుగుతూనే ఉంటారు, ఎందుకు అరవలేదని."